గుండెత్తే చేతికి బారు నేర్పాలంటే

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో తిర్నాల అనగానే అందరికీ గుర్తొచ్చేది ఎడ్ల బండలాగుడు పోటీ. సీమ పల్లెల్లో మనుషులకూ బలం పోటీలున్నాయి: రాతిగుండు ఎత్తడం, ఇసుక మూట ఎత్తడం, బండి ఇరుసు ఎత్తడం. ఎడ్ల పందేనికున్నంత జనం వీటికి ఉండరు. కుర్రాళ్ల సరదా కింద తీసిపారేస్తారు. నా లెక్కలో మాత్రం ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్‌కు దగ్గరి చుట్టం ఈ ఆటే. చుట్టమే గానీ గుణం వేరు.

గుండుకు పిడి ఉండదు. వేళ్లు కిందికి పోనిచ్చి, పొట్టకు అదుముకుని, ముందు తొడలమీదికి తెచ్చుకుంటారు. అక్కడ ఊపిరి పీల్చుకుని భుజానికెక్కిస్తారు. వెన్ను వంగక తప్పదు, నిదానంగా లేపినా తప్పు లేదు. వెయిట్‌లిఫ్టింగ్ బారు దగ్గర ఈ రెండూ చెల్లవు. వెన్ను నిటారుగా బిగిసి ఉండాలి. స్నాచ్‌లో నేలమీది నుంచి తలపైకి ఒకే ఊపు, మధ్యలో ఆనుకోవడానికి తొడ లేదు. క్లీన్ అండ్ జర్క్‌లో ముందు భుజాలమీదికి, అక్కణ్నుంచి తలపైకి. బారు మోకాళ్లు దాటాక కాళ్లూ నడుమూ ఒక్కసారిగా విచ్చుకోవాలి. ఆ తోపుకు బారు తేలికై పైకి లేచే క్షణంలోనే మనిషి దాని కిందికి దూరి గొంతుక్కూర్చోవాలి. బారు తల దాకా రానక్కర్లేదు, మనమే దానికిందికి పోతాం. ఆట కిటుకంతా ఇక్కడే ఉంది.

గుండెత్తి అలవాటైన కుర్రాడు ఇక్కడే తడబడతాడు. బారును చేతులతో లాగుతాడు. మోచేతులు ముందే ముడుచుకుంటే కాళ్ల బలం బారుకు చేరదు. పట్టు కూడా కొత్తదే. బొటనవేలిని బారుకు చుట్టి, దానిమీద మిగతా వేళ్లు బిగించాలి. మొదట్లో ఆ వేలు బాగా నొప్పెడుతుంది. లావుపాటి ఇరుసు పట్టిన చేతికి ఈ అవసరం ఎన్నడూ రాలేదు. పోటీ బారు మగవాళ్లకు 20 కిలోలు, ఆడవాళ్లకు 15. ఒట్టి బారే ఇంత బరువు కాబట్టి నేర్చుకునే పిల్లలకు మొదట చెక్క కర్ర ఇవ్వాలి.

మనవాళ్లకు కలిసొచ్చేదీ ఒకటుంది. కుర్చీలకు అలవాటు పడినవాళ్లకు మడమలు నేలకానించి కిందిదాకా కూర్చోవడమే పెద్ద సాధన. చేను గట్టుమీద గొంతుక్కూర్చుని పెరిగిన పిల్లలకు అది ఎవరూ నేర్పక్కర్లేదు.

బండలాగుడులో ఎడ్లను పళ్లు చూసి వయసును బట్టి విడదీస్తారు. పాలపళ్ల కోడెలకు వేరే పందెం, రెండు పళ్లకు, నాలుగు పళ్లకు, ఆరు పళ్లకు వేర్వేరు, బండ బరువూ దాన్నిబట్టే. పందేనికి ముందు ఉలవలు పెట్టి, అలుపు తీర్చి తీసుకొస్తారు. అదే రైతు కొడుకు పదిహేనేళ్లకే పాతికేళ్లవాడి గుండుతో కుస్తీ పడుతుంటే ఈలలేస్తారు. వెయిట్‌లిఫ్టింగ్‌లో 13 నుంచి 17 ఏళ్లవాళ్లకు యూత్, 20 దాకా జూనియర్ విభాగాలు పెట్టింది అందుకే.

ఎత్తిన పూట ఒళ్లు అలుస్తుంది, కండ కుదురుకునేది నిద్రలో. బరువుతో గొంతుక్కూర్చుని లేచే స్క్వాట్లు చేసిన మర్నాడు మళ్లీ అవే చేయించకూడదు. మూడు వారాలు మెల్లగా పెంచుకుంటూ పోయి నాలుగో వారం బాగా తగ్గించడం చాలామంది కోచ్‌లు పాటించే పద్ధతి. మన కుర్రాళ్లకు ఆ నాలుగో వారం అంటేనే చిన్నతనం. ఇక తిండి. సంగటి బలమే, కానీ అందులో మాంసకృత్తులు తక్కువ. చెనిక్కాయలు, ఉలవలు, పప్పు, గుడ్లు, పెరుగు తోడైతే సరిపోతుంది. డబ్బాల్లో అమ్మే పేరు తెలియని పొడులు వద్దు. డోపింగ్‌లో దొరికిపోయాక తెలియక తాగానంటే ఒప్పుకోరు. మన ఎండాకాలంలో సాధన తెల్లవారుజామునే ముగించాలి, తర్వాత ఉప్పు కలిపిన మజ్జిగ తాగాలి.

పోటీనాడు బలంతోపాటు లెక్కా ఉండాలి. ఆమదాలవలసలో నీలంశెట్టి అప్పన్న దగ్గర నేర్చుకున్న కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. చివరి ప్రయత్నానికి ఒకేసారి 137.5 పెట్టించుకుంది, బారు నిలవలేదు. చైనా, హంగేరీ లిఫ్టర్ల మొత్తం 242.5. స్వర్ణానికీ ఆమె కాంస్యానికీ తేడా రెండున్నర కిలోలు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అంత గొప్ప లిఫ్టర్‌కే ఏడున్నర కిలోల దూకుడు అందలేదంటే, నేర్చుకునేవాడికి ఒకటీ రెండూ కిలోల చొప్పున పెంచుకోవడమే దారి.

పిల్లల్ని జిమ్ముకు పంపే తల్లిదండ్రులు కోచ్‌ను మొదట అడిగేది, మావాడు ఎంత ఎత్తుతున్నాడని. దానికి బదులు ఈ నెలలో ఎన్నాళ్లు విశ్రాంతి ఇచ్చారు, కర్రతో కిందిదాకా కూర్చోవడం కుదిరిందా అని అడగండి. ఈ రెండింటికీ జవాబు చెప్పలేని కోచ్ దగ్గర పిల్లల్ని ఉంచకండి.