పదకొండున్నరలోగా

అమెరికా తూర్పు తీరంలో శనివారం రాత్రి పదకొండున్నర అయ్యేసరికి మనకు ఆదివారం పొద్దున తొమ్మిది. వాళ్ల చలికాలంలో అయితే పది. ఆ వేళకు న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ప్లాజాలోని స్టూడియో 8హెచ్‌లో ‘సాటర్‌డే నైట్ లైవ్’ అనే హాస్య కార్యక్రమం మొదలవుతుంది. మొదటిసారి 1975 అక్టోబర్ 11న మొదలైంది. ఆ రాత్రి దాన్ని నడిపిన లోర్న్ మైఖేల్స్‌కు అప్పటికి ముప్పయ్యేళ్లు. ఇప్పుడు ఎనభై దాటాయి. 1980 నుంచి 1985 దాకా పక్కన పెడితే, ఆ షో పగ్గాలు ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉన్నాయి.

2025 ఫిబ్రవరిలో యాభై ఏళ్ల వేడుక జరిగినప్పుడు అందరి నోటా ఒకటే ప్రశ్న. ఈయన తర్వాత ఎవరు? టీనా ఫే పేరు తరచూ వినిపిస్తుంది. 1999లో ఆ షోకు హెడ్ రైటర్ అయిన మొదటి మహిళ ఆవిడ. రాయగలరు, నటించగలరు, నలుగురినీ నడపగలరు. ఆవిడ వస్తే నాకూ సంతోషమే. కానీ డెస్కు మీద ఏళ్ల తరబడి ఇతరుల రాతలు దిద్దుతూ, కొట్టేస్తూ వచ్చిన నాకు ఆ ప్రశ్న అడిగే తీరు నచ్చదు. పేరు ఒకటి తేల్చేస్తే పని అయిపోయినట్టు మాట్లాడతారు. అసలు అప్పగించాల్సింది ఏమిటో ముందు చూడాలి కదా.

అది ఆ షో వారం గడిచే తీరులో ఉంది. సోమవారం రచయితలు, నటులు, ఆ వారం హోస్టు మైఖేల్స్ గదిలో ఇరుక్కుని కూర్చుని తలా ఒక ఆలోచన చెబుతారు. మంగళవారం రాత్రి రాయడం మొదలుపెడితే తెల్లారిపోతుంది. బుధవారం పెద్ద బల్ల చుట్టూ చేరి నలభై దాకా స్కెచ్‌లు, అంటే చిన్న హాస్య నాటికలు, పైకి చదువుతారు. ఎక్కువ భాగం అక్కడే పోతాయి. గురు, శుక్రవారాలు సెట్లకు, దుస్తులకు, రిహార్సల్స్‌కు. శనివారం రాత్రి ఎనిమిదికి టికెట్టు దొరికిన జనం ముందు డ్రెస్ రిహార్సల్. గంటన్నర షోకు సరిపోయే దానికంటే ఎక్కువే అందులో ఆడతారు. ప్రేక్షకులు కూర్చునే మెట్ల కింద నిలబడి మైఖేల్స్ చిన్న తెర మీద చూస్తూ ఉంటారు, ఆయన అన్న మాటలు పక్కనున్నవాళ్లు రాసుకుంటూ ఉంటారు. అది ముగిశాక అందరూ ఆయన గదికి చేరతారు. బోర్డు మీద స్కెచ్‌ల పేర్లు రాసిన కార్డులుంటాయి. ఏది ఉండాలి, ఏది పోవాలి, ఏది ముందుకు జరగాలి, ఏ డైలాగు కొయ్యాలి, అన్నీ పదకొండున్నరలోగా తేలాలి. షో సిద్ధమైంది కాబట్టి మొదలవదు, వేళయింది కాబట్టి మొదలవుతుంది.

ఆ షో మొత్తంలో నాకు అపురూపంగా అనిపించేది ఈ కాసేపే. రాత్రంతా మేలుకుని రాసిన కుర్రాడు అక్కడే ఉంటాడు. విగ్గు పెట్టుకుని సిద్ధమైన నటి అక్కడే ఉంటుంది. నవ్వు రాని స్కెచ్‌ను తీసెయ్యడం ఎవరైనా చేస్తారు. బాగా నవ్వించినదాన్ని తీసి, అంతగా నవ్వించనిదాన్ని ఉంచాల్సి వచ్చినప్పుడే మనిషి పనితనం తెలుస్తుంది. రెండు స్కెచ్‌లు ఒకే బాణీలో ఉండొచ్చు. హోస్టుకు దుస్తులు మార్చుకునే వ్యవధి చాలకపోవచ్చు. కొత్తగా చేరిన నటికి వారాలుగా ఒక్క పాత్రా పడి ఉండకపోవచ్చు. ఇవన్నీ ఒకేసారి తలలో పెట్టుకుని క్షణాల్లో తేల్చడం వింటే రాదు. పక్కన కూర్చుని చూసినవాళ్లకే, అదీ కొన్నేళ్లు చూసినవాళ్లకే, కాస్త పట్టుబడుతుంది.

1980లో జరిగింది నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. అయిదేళ్లకు అలసిపోయిన మైఖేల్స్ తప్పుకున్నారు. తన రచయితల్లో ఒకరైన అల్ ఫ్రాంకెన్ బాధ్యత తీసుకుంటే బాగుంటుందని ఆయన ఉద్దేశం. ఆ ఫ్రాంకెన్, షోను ప్రసారం చేసే ఎన్‌బీసీ చానెల్ అధిపతి ఫ్రెడ్ సిల్వర్‌మన్‌ను షోలోనే ఎద్దేవా చేయడంతో ఆ దారి మూసుకుపోయింది. షోలోనే పనిచేస్తున్న జీన్ డుమేనియన్‌కు పగ్గాలిచ్చారు. నటులు, రచయితలు దాదాపు అందరూ మైఖేల్స్‌తోపాటే వెళ్లిపోయారు. కొన్ని నెలల్లో మొత్తం బృందాన్ని కొత్తగా కూర్చుకోవాల్సి వచ్చింది ఆవిడకు. ప్రతి వారం పాతవాళ్లతో పోలిక. 12 ఎపిసోడ్లకే, 1981 మార్చిలో ఆవిడను తీసేశారు. షో చరిత్ర చెప్పేవాళ్లు ఆవిడ పేరు ఎత్తగానే పెదవి విరుస్తారు. అది అన్యాయం. పందొమ్మిదేళ్ల ఎడ్డీ మర్ఫీ అడుగుపెట్టింది ఆవిడ హయాంలోనే. ఆవిడకు ఇచ్చింది స్టూడియో తాళాలు మాత్రమే. ఆ శనివారం రాత్రుల జ్ఞాపకం ఉన్నవాళ్లు ఆ భవనంలో పెద్దగా మిగల్లేదు.

తర్వాత వచ్చిన డిక్ ఎబర్సోల్ షోను నిలబెట్టారు. 1984లో ఆయన పేరున్న హాస్యనటుల్ని తెచ్చుకున్నారు. బిల్లీ క్రిస్టల్, మార్టిన్ షార్ట్, క్రిస్టఫర్ గెస్ట్. పని తెలిసినవాళ్లు, ముప్పయ్యేళ్లు దాటినవాళ్లు. ఆ సీజన్ బ్రహ్మాండంగా నడిచింది, అది అవగానే ఎవరి దారి వాళ్లది. 1985లో తిరిగొచ్చిన మైఖేల్స్ సరిగ్గా ఎదురు దిక్కుకు వెళ్లారు. ఇరవయ్యేళ్ల రాబర్ట్ డౌనీ జూనియర్, పదిహేడేళ్ల ఆంథనీ మైఖేల్ హాల్. ఇద్దరిలోనూ ప్రతిభ ఉంది. అయినా ఆ సీజన్ ఎంతగా దెబ్బతిన్నదంటే షో మూతపడేదాకా వచ్చింది. మరుసటి ఏడాది చాలామందిని పంపేసి, జాన్ లోవిట్జ్, నోరా డన్, డెనిస్ మిల్లర్ లాంటి కొద్దిమందినే ఉంచుకున్నారు. డేనా కార్వీ, జాన్ హుక్స్, ఫిల్ హార్ట్‌మన్ వచ్చారు. హార్ట్‌మన్‌కు అప్పటికి 38 ఏళ్లు. ఎవరి స్కెచ్‌లోనైనా చిన్న పాత్ర వేసి దాన్ని నిలబెట్టగల మనిషి. పెద్దరికం అంటే నాకు గుర్తొచ్చేది ఆయనే, ఏ పదవీ లేకపోయినా.

హాస్యం కుర్రకారుదే అంటారు. చాలావరకు ఒప్పుకుంటాను. ఈ వారం వీధిలో నలుగుతున్న మాట వాళ్ల చెవిన ముందు పడుతుంది, పెద్దవాళ్లంటే భయం తక్కువ, మంగళవారం రాత్రి నిద్ర మానేసే ఓపికా వాళ్లకే ఉంటుంది. మైఖేల్స్ వాళ్లతో పోటీపడలేదు. నవ్వించే పని వాళ్లకు వదిలి, ఎంచే పని తాను పెట్టుకున్నారు. అందుకే వయసు ఆయన పనిని చెడగొట్టలేదని నా నమ్మకం. 1995లో ఆడమ్ శాండ్లర్, క్రిస్ ఫార్లీ వెళ్లిపోతే విల్ ఫెరెల్ తరం వచ్చింది. 2025 అక్టోబర్ సీజన్‌కూ కొందరు వెళ్లారు, అయిదుగురు కొత్తవాళ్లు చేరారు. 2003లో చేరిన కెనన్ థాంప్సన్ మాత్రం అలాగే ఉన్నారు, అంతకాలం ఆ బృందంలో ఉన్న నటుడు మరొకరు లేరు. ఇన్ని తరాలను సాగనంపిన మనిషి స్థానంలోకి మాత్రం ఎవరూ రాలేదు. హెడ్ రైటర్లు మారారు, ఆయన పక్కన అనుభవమున్న ప్రొడ్యూసర్లు ఉన్నారు. చివరి మాట మాత్రం ఆయనదే. నాకు దిగులు పుట్టించేది అదే.

బాధ్యత పంచే దారి మన దగ్గరే ఒకటి కనిపిస్తుంది. ఈటీవీలో 2013లో మొదలైన మన హాస్య షో ‘జబర్దస్త్’లో టీమ్ లీడర్ల పద్ధతి ఉంది. స్కిట్ కుదుర్చుకోవడం, పాత్రలు పంచడం, ప్రాక్టీసు చేయించడం లీడరు పని. అదిరే అభి టీమ్‌లో రాస్తూ, ఆడుతూ పైకొచ్చిన హైపర్ ఆది తర్వాత తనే టీమ్ నడిపాడు. ఆ స్కిట్లలో ఆడవాళ్ల మీద, ఒంటి రంగు మీద వేసే పంచ్‌లు నాకు గిట్టవు, ఆ మాట దాచుకోను. కానీ ఆ పద్ధతిలో ఒక తెలివి ఉంది. స్కిట్ తేలిపోతే ఆ వారానికి ఆ ఒక్క టీమే తేలిపోతుంది, షో నిలబడే ఉంటుంది. కుర్రవాడు తప్పు చేయడానికి చోటు దొరుకుతుంది, దిద్దుకోవడానికి వచ్చేవారం ఉంటుంది.

మైఖేల్స్ కూడా అలాంటి చోటు ఇవ్వాలని నా కోరిక. ఆ గదిలో తాను ఉండగానే కొన్ని శనివారాలు కార్డుల బోర్డు మరొకరికి అప్పగించాలి. ఒక్కరికే కాదు, ఇద్దరు ముగ్గురికి వంతులవారీగా. ఆయన అక్కడే కూర్చోవాలి, అడిగితే తప్ప నోరు విప్పకూడదు. పోవాల్సిన స్కెచ్‌ను వాళ్లు ఉంచితే ఉంచనివ్వాలి, అది జనం ముందు చల్లబడితే చల్లబడనివ్వాలి. సోమవారం తలుపు వేసుకుని ఎందుకలా అయిందో మాట్లాడుకోవాలి. డుమేనియన్‌కు అలా అడగడానికి మనిషి లేడు. రేపు వచ్చేది టీనా ఫే అయినా, మనకింకా పేరు తెలియని రచయిత అయినా, అడగడానికి ఆయన ఉన్నప్పుడే ఆ పని మొదలుకావాలి. వచ్చే సీజన్ దాకా ఆగాల్సిన పని కూడా లేదు.