ఫోటోలో చీర, బొమ్మలో చీర

మా మేనకోడలు తను కట్టుకున్న బట్టల్ని రోజూ బొమ్మ వేస్తుంది. వేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుంది. పక్కనే అవే బట్టల్లో ఫోటో కూడా పెడుతుంది. పొద్దున్నే ఎనిమిదింటికల్లా ఆఫీసు బస్సెక్కాల్సిన పిల్లకి ఇదేం పని అని మా మరదలి గొడవ. "మీరైనా చెప్పండి వదినా, పత్రికలకి విమర్శలు రాస్తారుగా!" అని భారం నామీద పడేసింది. సరే, పుస్తకం సమీక్ష చేసినట్టే దీన్నీ చేసేద్దామని ఓ ఆదివారం భోజనాలయ్యాక ఆ పిల్ల ఫోను పుచ్చుకుని కూర్చున్నాను. రెండేళ్ళ బట్టలు చూసి తలెత్తేసరికి సాయంత్రం కాఫీ వేళయింది.

ముందు ఫోటోల సంగతి చెప్పేస్తాను. అన్నీ ఒక్కటే. వెనకాల ఓ గోడ. మెడ కాస్త వాలి ఉంటుంది. ఒక చెయ్యి జుట్టు సర్దుతూ ఉంటుంది. చూపు మాత్రం నేలమీద ఏదో పారేసుకున్నట్టు ఓ మూలకి. చీర మారుతుంది, మనిషి మారదు. మా పిల్లే కాదు, ఆ ఫోనులో నేను చూసిన తక్కిన ఆడపిల్లలదీ అదే గోడ, అదే మెడ.

ఒక ఫోటోలో గద్వాల చీర కట్టింది. గద్వాల చీర గొప్పంతా ఎక్కడుంది? ఒళ్ళంతా నూలు, అంచూ చెంగూ పట్టు. ఆ రెంటినీ మగ్గం మీదే పోగుకి పోగు ముడేసి కలుపుతారు. నూలు తేలిగ్గా నిలబడుతుంది, పట్టంచు బరువుగా కిందికి లాగుతుంది. కట్టుకున్న వాళ్ళకి నడుస్తుంటే ఆ తేడా తెలుస్తుంది. ఫోటోలో తెలిసిందేమిటీ అంటే జరీ మెరుపు ఒక్కటే. పైగా ఫోనులో ఏవో రంగులద్దే సదుపాయాలున్నాయట, నేరేడుపండు రంగు కాస్తా వంకాయ రంగయి కూర్చుంది.

"ఇంత మంచి చీర కట్టి, ఆ దిక్కు చూపులేమిటే?" అన్నాను.

"అలా చూస్తేనే బావుంటుంది అత్తా."

"ఎవరికి?"

జవాబు లేదు.

ఫోటో అంటేనే దండగ అని నేననడం లేదు. న్యూయార్క్‌లో బిల్ కన్నింగ్‌హామ్ అని ఒకాయన ఉండేవాడు. మొదట ఆడవాళ్ళ టోపీలు కుట్టేవాడు. తరవాత ఫోటోలు పట్టుకున్నాడు. ఫ్రెంచి కూలీలు తొడుక్కునే నీలం కోటు తగిలించుకుని, సైకిలెక్కి వీధులు తిరుగుతూ, దారిన పోయే జనం బట్టల్ని ఫోటోలు తీసి న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఏళ్ళ తరబడి వేశాడు. 2016లో పోయాడు. 1978లో ఒకనాడు ఎదురుగా ఎవరో ఆవిడ వస్తుంటే, ఆవిడ కోటు భుజాల దగ్గర కత్తిరింపు నచ్చి ఫోటో తీసుకున్నాడు. తీసేటప్పుడు ఆయనకి తెలియనే తెలియదు, ఆవిడ గ్రెటా గార్బో అని. జగదేకసుందరి ఎదురొస్తే ముఖం చూడకుండా భుజం కుట్టు చూసిన మనిషి! బట్టల ఫోటో అంటే అదీ. ఇప్పుడు ఫోటో తీసేదీ మనమే, దిగేదీ మనమే. ముఖం ఎలా వచ్చిందన్న బెంగ తీరితే గదా కుట్టు దాకా వెళ్ళడానికి!

2015లో బెంగుళూరులో ఇద్దరు స్నేహితురాళ్ళు, అంజూ మౌద్గల్ కదమ్, ఆలీ మత్తన్ అనే వాళ్ళు, బీరువాలో మగ్గిపోతున్న చీరల్ని బయటికి తీసి ఆ ఏడాది నూరు కట్టాలని ఒట్టేసుకున్నారు. ఫోటో పెట్టి ఊరుకోకుండా, ఆ చీర వెనకున్న కథ కూడా చెప్పాలని పెట్టుకున్నారు. చూస్తూ చూస్తూ ఎంతమందో ఆడవాళ్ళు ఆ ఒట్టులో చేరిపోయారు. పెళ్ళినాటి చీరలూ, అమ్మలు పోయాక పంచుకున్న చీరలూ అన్నీ బయటికొచ్చాయి. ఫోటోలు మామూలువే, కథలే ఆ పనిని నిలబెట్టాయి. కథ తీసేసి చూడండి, బట్టల కొట్టు క్యాలెండరు మిగులుతుంది.

ఇహ మా పిల్ల బొమ్మలు. చిన్న నోటుబుక్కు, నల్ల ఇంకు పెన్ను, నాలుగు నీటిరంగులు. అంతే సరంజామా. కానీ ఇక్కడ ఆ పిల్ల నోరు విప్పింది. బాణం గుర్తు వేసి, పక్కన ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తుంది: "జాకెట్టు అమ్మది, రెండు కుట్లు విప్పాను." "ఈ చున్నీ రంగు దిగుతుంది, వాన రోజున వద్దు." "చెప్పు తెగింది, కుట్టించాను, ఎవరూ కనిపెట్టలేదు." ఒక బొమ్మలో చీర మొత్తం గీతలే వదిలేసి ఒక్క అంచుకి మాత్రం రంగు వేసింది. ఆ పొద్దున బీరువా తెరిచినప్పుడు ఆ అంచు చూసే ఆ చీర తీసిందని నాకు చెప్పకుండానే తెలిసింది. ఫోటో అలా ఎన్నుకోలేదు. దానికి గోడా ఒకటే, అంచూ ఒకటే.

ఇంకో సంగతి పట్టుకున్నాను. ఒక కొట్టువాళ్ళు చీర ఊరికే ఇచ్చి, కట్టుకుని ఫోటో పెట్టమన్నారట. పెట్టింది. పక్కన బొమ్మ లేదు. ఏమే అంటే, "వెయ్యబోయాను అత్తా. ఆ చీర గురించి రాయడానికి నాకేం తోచలేదు" అంది. విమర్శకురాలిగా నాకింతకంటే సాక్ష్యం ఏం కావాలి!

నిజానికి బట్టలకి బొమ్మలే మొదటి నేస్తాలు. అమెరికాలో 1892లో పుట్టిన వోగ్ పత్రికకి చిత్రకారులే ముఖచిత్రాలు గీసేవారు. 1932 జూలైలో ఎడ్వర్డ్ స్టైకెన్ తీసిన రంగుల ఫోటో అట్టమీదికెక్కింది. అక్కణ్ణించి కుంచె మెల్లిగా లోపలి పేజీల్లోకి జరిగింది. మన వారపత్రికల్లోనూ అంతేగా. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రాలు దాచుకున్న ఇళ్ళు నాకు తెలుసు. ఆయన నీటిరంగుల్లో చీర పల్చదనం కూడా తెలిసేది. బాపుగారయితే రంగు కూడా అడిగేవారు కాదు. నాలుగు గీతలు జారిస్తే కుచ్చిళ్ళు, ఒక్క గీత భుజం మీంచి లాగితే పైట. ఆ పిల్ల మధ్యతరగతి ఇంటిదా, కలవారి ఇంటిదా అన్నది ఆ పైట చెక్కుకున్న తీరే చెప్పేది. వాటిని చూసి ఆ మోస్తరుగా పైట వేసుకోబోయి, అద్దం ముందు భంగపడ్డ వాళ్ళల్లో నేనూ ఒకదాన్ని.

భంగపడ్డానని ఊరికే అనలేదు. బొమ్మ కూడా అబద్ధం ఆడుతుంది. ఇది మా పిల్లకి గట్టిగానే చెప్పాను. మామూలు మనిషి తన తలకి ఏడున్నర రెట్లు పొడుగుంటే, ఫ్యాషన్ బొమ్మలు నేర్పేవాళ్ళు తొమ్మిది తలల పొడుగు వెయ్యమంటారు. ఆ పైనున్నదంతా కాళ్ళే. మా పిల్ల అయిదడుగుల రెండంగుళాలు, కాస్త బొద్దు, కళ్ళజోడు. బొమ్మల్లో చూస్తే తాటిచెట్టు! నడుము బాపుగారి దగ్గర అప్పు తెచ్చుకుంది, కళ్ళజోడు ఎక్కడో మరిచిపోయింది. "బట్టలు నీవి, ఒళ్ళెవరిదే?" అన్నాను. మొహం చిన్నబుచ్చుకుంది. మర్నాటి బొమ్మలో కళ్ళజోడు వచ్చింది. నడుము రావడానికి మాత్రం నెల పట్టింది. వచ్చాక ఆ జాకెట్టు రెండు కుట్లు ఎందుకు విప్పాల్సొచ్చిందో బొమ్మలోనే అర్థమవుతోంది.

ఇదంతా సరదాగానే సాగింది, ఆ పిల్ల వాళ్ళ నాన్నమ్మని వేస్తానని కూర్చునేదాకా.

మా అమ్మకి వయసులో ఉన్నప్పటి ఫోటో ఒక్కటే ఉంది. నేను కడుపులో ఉన్నప్పుడు, 1958లో, బందరులో స్టూడియోకి తీసుకెళ్ళి తీయించింది. పూలజడ, జడ కనపడడానికి వెనక నిలువుటద్దం, పట్టుచీర, కాసులపేరు. పటం కట్టి హాల్లో పెట్టుకున్నాం. చూసిన వాళ్ళందరూ "మహాలక్ష్మిలా ఉన్నారు" అంటారు. మా పిల్ల దాన్ని ముందు పెట్టుకుని సగం గీసేసింది. నేను ఆగలేక చెప్పేశాను. ఆ చీర అమ్మది కాదు. పక్కింటివాళ్ళది. కాసులపేరూ వాళ్ళదే. ఫోటో తీయించుకుని ఇంటికి రాగానే మడత పెట్టి తిరిగి ఇచ్చేసిందట. అమ్మే చెప్పింది నాకు. ఆ చీరలో అమ్మ ఉన్నది ఒక్క పూట.

"మరి నాన్నమ్మ ఏం కట్టుకునేది?" అంది.

మంగళగిరి నేతచీర. పైట నడుముకి చుట్టి దోపి, ఆ దోపిన చోటే తాళంచెవులు. భుజాన తడి తుడుచుకునే గుడ్డ. చెప్పుకుంటూ పోతున్నాను. "రంగు?" అంది. "నీలం" అన్నాను. పక్క గదిలోంచి మా తమ్ముడు, "నీలమేంటక్కా, ఆకుపచ్చ!" అన్నాడు. నీలమని నేను, పచ్చని వాడు. ఇద్దరం అరవై దాటాం. అరగంట పోట్లాడుకున్నాం. ఆ చీరలో ఒక్క నలుపు తెలుపు ఫోటో ఉన్నా లాభం లేదు, అందులో ముదురు నీలమూ ముదురు ఆకుపచ్చా ఒకే బూడిద రంగులో పడతాయి. చివరికి వాడి గొంతు పూడుకుపోయింది, నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ పిల్ల చీరకి రంగు వెయ్యలేదు. పెన్సిలు గీతల్లోనే వదిలేసింది. ముఖం కూడా పూర్తిగా వెయ్యలేదు, వంగి పొయ్యి ఊదుతున్నట్టు పక్కనుంచి వేసింది. బాణం గుర్తు పెట్టి, "నీలం: అత్త. ఆకుపచ్చ: నాన్న" అని రాసింది. ఇన్‌స్టాగ్రామ్‌లో దాన్ని మెచ్చుకున్నవాళ్ళు ఆ కొట్టువాళ్ళ చీర ఫోటోని మెచ్చుకున్న వాళ్ళలో పదో వంతు కూడా లేరట. నా మటుకు నాకు, ఆ రెండేళ్ళ పనిలో అచ్చుకి ఇమ్మంటే ఇచ్చేది అదొక్కటే.

మా తమ్ముడు చాలాసేపు చూశాడు ఆ బొమ్మని. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"గాజులకి పిన్నీసులు వెయ్యలేదేమే?" అన్నాడు.

అవునుస్మీ! ఎడమచేతి గాజులకి ఎప్పుడూ రెండు పిన్నీసులు వేలాడుతుండేవి. నేను మరిచేపోయాను. ఆ పిల్ల బొమ్మ వెనక్కి తీసుకుని, పెన్సిలు చెక్కుకోవడం మొదలెట్టింది.