పేరిణి ఎలా తిరిగొచ్చింది

కాకతీయ గణపతిదేవుడి గజసేనానికి నాట్యం మీద గ్రంథం రాయవలసిన పనేమిటి? జాయపసేనాని దివిసీమవాడు. గణపతిదేవుడు దివిని గెలిచాక జాయప ఇంటి ఆడపడుచులు నారమ్మ, పేరమ్మలను పెళ్ళాడి, అతన్ని తన కొలువులోకి తెచ్చుకున్నాడు. ఏనుగుల దళాన్ని నడిపిన ఆ మనిషే 1253-54లో సంస్కృతంలో ‘నృత్తరత్నావళి’ని పూర్తి చేశాడు. ఎనిమిది అధ్యాయాల పుస్తకం. మొదటి నాలుగు భరతుడి బాటలో సాగే మార్గానికి, తక్కిన నాలుగు దేశికి. ఆయా ప్రాంతాల్లో జనం మెచ్చి ఆడించుకుంటున్న నృత్తాలకు సగం గ్రంథం కేటాయించాడంటేనే ఆయన కళ్ళారా చూసి రాశాడని నాకు నమ్మకం.

ఏడో అధ్యాయంలో దేశి నృత్తాల వరసలో ‘పేరణి’ ఉంది. ఇవాళ మనం పేరిణి అంటున్నది దాన్నే. లక్షణ గ్రంథాలు దీనికి ఐదు అంగాలు చెబుతాయి. వాటిలో నన్ను ఎప్పుడూ కట్టిపడేసేది ఘర్ఘరం, అంటే గజ్జెలనే వాద్యంగా పలికించే విద్య. మునివేళ్ళతో నేలను తట్టడం, పాదంతో నేలను రాయడం, గాల్లోకి లేపిన పాదాన్ని ఆడించడం, నిలుచున్న చోటే పిక్కను కంపింపజేయడం. ఒక్కో తీరుకు ఒక్కో మోత. చదవడానికి తేలికగానే ఉంటుంది. మోకాళ్ళు సగం వంచే అరమండిలో నిలబడి, నడుమూ తొడా కదలకుండా పిక్క ఒక్కటే వణికించబోతే అప్పుడు తెలుస్తుంది. మువ్వలను మోగించడం కంటే వాటిని ఆపడం కష్టం. మద్దెల ఒక జతి విసిరితే గజ్జె అదే లెక్కలో బదులు చెప్పాలి, ఒక్క మువ్వ కూడా అదనంగా పలకకూడదు.

ఈ గ్రంథానికి నలభై ఏళ్ళ ముందు, 1213లో, రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. గర్భగుడి ముందు రంగమండపం, దాని చుట్టూ అద్దంలా నునుపు తేలిన నల్లరాతి స్తంభాలు, వాటి మీద నర్తకులు, మద్దెలగాళ్ళు. బయట చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికలనే స్త్రీమూర్తులు. మోకాలు ఎంత వంగింది, మడమ ఎక్కడ లేచింది, మెడ ఎటు వాలింది అన్నది శిల్పి వదలకుండా చెక్కాడు. అయితే రాయి ఒక్క క్షణాన్నే పట్టి ఇస్తుంది. దానికి ముందూ వెనకా ఏ అడుగు పడిందో పుస్తకాన్ని అడగాలి. పుస్తకం అడుగు చెబుతుంది గాని, దాని వేగం, బిగువు చెప్పలేదు. వాటికి మనుషులే దిక్కు.

1323లో కాకతీయుల రాజధాని ఓరుగల్లు పడిపోయింది. పేరిణి వంటి ఆటను ఏళ్ళ తరబడి సాధన చేసి నిలబెట్టే నర్తకుడికి, అతన్ని పోషించే రాజుకూ గుడికీ ఆ తర్వాత లంకె తెగింది. పేరణి ఉన్న అదే ఏడో అధ్యాయంలో దండరాసకమూ ఉంది, కర్రలు తాటిస్తూ గుంపుగా ఆడే ఆట. మన కోలాటం ఆ కోవలోదే. దానికి రాజుతో పనిలేదు, రెండు కర్రలూ రామాలయం ముందు ఇంత జాగా చాలు. అందుకే అది ఎవరూ బతికించకుండానే బతికింది.

పేరిణిని మాత్రం ఒకరు పూనుకుని లేపవలసి వచ్చింది. నటరాజ రామకృష్ణ (1923–2011) ఆ పని చేశారు. నృత్తరత్నావళిని పట్టుకుని రామప్ప శిల్పాల ముందు నిలబడ్డారు. గుడి నాట్యం ఇంకా ఒంట్లో మిగిలివున్న కళావంతుల దగ్గర నేర్చుకుని, దాన్నీ ఆంధ్రనాట్యం పేరుతో నిలబెట్టారు. 1985 శివరాత్రికి రామప్ప గుడిలోనే పేరిణి శివతాండవం ఆడించారు.

యుద్ధానికి వెళ్ళేముందు కాకతీయ సైనికులు శివుడి ముందు పేరిణి ఆడేవారని ప్రతి వేదిక మీదా చెబుతారు. అది జనశ్రుతి. ఎనిమిది వందల ఏళ్ళుగా తెగని పరంపర అని చెప్పేవాళ్ళూ ఉన్నారు. తెగింది, మళ్ళీ కట్టారు. ఆ మాట దాచడం రామకృష్ణగారి శ్రమను తగ్గించడమే. ఒక గ్రంథం, ఒక గుడి, కొందరు కళావంతుల జ్ఞాపకం, ఇంతే పెట్టుబడిగా ఒక నాట్యాన్ని నిలబెట్టడం చిన్న సంగతి కాదు.

నృత్తరత్నావళిని రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు తెలుగులోకి తెచ్చారు. పేరిణి నేర్పే గురువులకు నా విన్నపం ఒక్కటే: గజ్జె కట్టించిన మొదటి ఏడాదిలోనే ఆ ఏడో అధ్యాయాన్ని పిల్లల చేత చదివించండి.