జీవకణమా? జీవించియుండిన కణమా?

ఉల్లివేరు కొనకు అసిటోకార్మైను రంగువేసి కణవిభజనను చూపుట తిరుపతి, చిత్తూరు ప్రాంతపు ఉపాధ్యాయులకు పరిపాటియే. గాజుపలకపై కనబడు ఎఱ్ఱని క్రోమోసోములు చనిపోయిన కణములవని వారెఱుగుదురు. కాని పచ్చగా వెలుగు కేంద్రకముల బొమ్మ క్రింద ‘జీవకణములో డి.ఎన్.ఎ. గుర్తింపు’ వంటి మాట కనబడినచో ప్రశ్నింపక నమ్ముదుము. ఈ మాట ఎంతవరకు చెల్లును?

హార్వర్డు వైద్యకళాశాలకు చెందిన శాలిక్, మిచిసన్ 2008లో ప్రకటించిన పద్ధతిని చూడుడు. డి.ఎన్.ఎ. కట్టడమునకు థైమిడిన్ ఒక ఇటుక. అందలి మిథైల్ స్థానమున ఇథైనిల్ అను చిన్న కొక్కెము తగిలించినచో ‘ఇ.డి.యు.’ అగును. కణము తేడా పోల్చుకొనలేక దానినే గోడలో పేర్చును. పిమ్మట ఎజైడు గల రంగును చేర్చగా, రాగి ప్రేరణచే అది కొక్కెమునకు అతుకుకొనును. ఆర్.ఎన్.ఎ. కొఱకు ఇథైనిల్ యూరిడిన్‌ను జావ్, శాలిక్ అదే సంవత్సరము ప్రకటించిరి.

మెచ్చవలసినది మెచ్చుదము. 1957లో టేలర్, వుడ్స్, హ్యూస్ వైసియా ఫాబా అను చిక్కుడుజాతి మొక్క వేళ్ళకు ట్రిటియము గల థైమిడిన్ నిచ్చిరి. అట్టి ప్రయోగములందు ఫిల్ముపై వెండి గింజలు ఏర్పడువరకు ఓపిక పట్టవలెను. తరువాతి బ్రోమోడిఆక్సీయూరిడిన్ పద్ధతిలో ప్రతిరక్షకము చొచ్చుటకు డి.ఎన్.ఎ. పేటలను ఆమ్లముతోనో వేడితోనో విడదీయవలసియుండెను. క్రొత్త పద్ధతి ఆ బాధను తప్పించినది.

ఇక ‘జీవకణములో’ అను మాట. ఇటుక చేరునప్పుడు కణము సజీవమే. రంగు చేరునప్పటికి సాధారణముగా దానిని ఫార్మాల్డిహైడుతో స్థిరపఱచియుందురు. రాగి సజీవకణములకు విషము గదా! మనము చూచునది నడచు మనిషిని కాదు, తడినేలపై వాని అడుగుజాడను. రాగి అక్కఱలేని చర్యను బెర్టోజీ బృందము 2004లో ప్రకటించినది. (ఆమెకు 2022లో మెల్డాల్, షార్ప్‌లెస్‌లతో కలిసి నోబెల్ బహుమతి లభించినది.) కాని ఇ.డి.యు. కొక్కెము అందుకు పనికిరాదు. ఎజైడే ఇటుకపై ఉండవలెను. కనుక బొమ్మ క్రింద ఇటుకను ఎంతసేపు అందించిరో, కణమును ఎప్పుడు స్థిరపఱచిరో వ్రాయుట న్యాయము.

నా దృష్టిలో ఇంతకంటె పెద్ద లోపము మఱియొకటి: ‘ఎక్కువ వెలిగిన కణము ఎక్కువ డి.ఎన్.ఎ. కట్టినది’ అను వ్యాఖ్యానము. ఇటుకలకు రెండు దారులు కలవు. కణము స్వయముగా చేసికొనును, బయటినుండియు తెచ్చుకొనును. మొదటి దారికి ఫోలిక్ ఆమ్లము కావలెను. మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్ మూయునది ఈ దారినే. సొంత బట్టీ జోరుగా సాగు కణము బయటి ఇటుకను తక్కువగా వాడవచ్చును. అప్పుడు తగ్గునది వెలుగే గాని పని కాదు. థైమిడిన్ కైనేజు అను ఎంజైము లోపించిన కణమైతే బయటి ఇటుకను వాడుకొననే లేదు. అది చక్కగా విభజన చెందుచునే, మన సూక్ష్మదర్శినిలో చీకటిగా నిలిచిపోవును.