టార్చి ఆర్పితేనే పాఠం

గుడ్లగూబ గురించి మొదలుపెట్టానో లేదో, రెండో తరగతి పిల్ల చెయ్యెత్తింది. "అంకుల్, అది ఇంటిమీద కూస్తే మంచిది కాదట. మా నాయనమ్మ చెప్పింది!" మస్కట్‌లో పుట్టి పెరిగిన పిల్ల. ఊరి చీకటి ఎరగదు గానీ, ఊరి భయం మాత్రం వీడియో కాల్‌లో వచ్చేసింది.

శుక్రవారం సాయంత్రాలు ఇక్కడి మన పిల్లలకు జంతువుల కబుర్లు చెబుతుంటాను. భయాన్ని వాదనతో పోగొట్టలేం. అందుకే ఆట పెట్టాను. కళ్లు మూసుకోమని, చుట్టూ తిరుగుతూ తాళాల గుత్తి గలగలలాడించాను. కుడో ఎడమో ఠక్కున చూపించారు. నడినెత్తిన ఆడిస్తే మాత్రం ఒకడు వెనక్కి, ఇంకొకడు ముందుకి చూపించాడు. చప్పుడు రెండు చెవులకూ ఒకేసారి అందితే మనం తికమకపడతాం. పాడుబడ్డ ఇళ్లలో కాపురముండే తెల్లమొహం గుడ్లగూబకు ఆ తిప్పలు లేవు. దాని చెవి రంధ్రాల్లో ఒకటి కాస్త ఎత్తున, ఒకటి కాస్త దిగువన ఉంటాయి. అందుకే చప్పుడు ఏ ఎత్తు నుంచి వచ్చిందో కూడా పసిగట్టి, చిమ్మచీకట్లో ఎలుకను తన్నుకుపోతుంది.

చెవి విలువ ఒమన్ కొండలకు బాగా తెలుసు. 2013 మార్చిలో మాగ్నస్ రాబ్ అనే ఆయన హజర్ పర్వతాల్లో రాత్రిపూట మరో రకం గుడ్లగూబ కూతలు రికార్డు చేస్తుండగా, ఎన్నడూ వినని కూత ఒకటి వినిపించింది. కొత్త జాతి అనుకుని ఒమన్ పేరే పెట్టారు. 2015లో జన్యుపరీక్షలు చేస్తే, అది 1878లో ఎ.ఓ. హ్యూమ్ ఒకే ఒక్క నమూనా చూసి పేరుపెట్టిన పక్షేనని తేలింది. కాంగ్రెస్ స్థాపనలో ముందున్న హ్యూమే ఆయన! అన్నేళ్లు కంటికి చిక్కని పిట్ట చెవికి చిక్కింది.

చీకట్లో కంటికన్నా చెవే మేలన్న సంగతి నాకు ఆలస్యంగా తలకెక్కింది. మొదటిసారి పిల్లల్ని వాదీకి, అంటే కొండల నడుమ ఎండిన వాగుకు, తీసుకెళ్లినప్పుడు తలా ఒక టార్చి ఇచ్చాను. రాత్రంతా వాళ్లు చూసింది ఒకరి మొహాలొకరు! చీకటికి కళ్లు పూర్తిగా అలవాటుపడాలంటే అరగంటైనా పడుతుంది. ఒక్క ఫోన్ వెలుగు చాలు, మళ్లీ మొదటికొస్తుంది. రాస్ అల్ జింజ్ తీరంలో తాబేళ్లను చూడ్డానికి వెళ్లినా ఇదే పద్ధతి, సొంత లైట్లు వేయకూడదు. గుడ్డులోంచి వచ్చిన తాబేలు పిల్ల వెలుగున్న దిక్కే సముద్రమనుకుని నడుస్తుంది మరి.

ఇప్పుడు టార్చీలు నా సంచిలోనే ఉంటాయి. కాసేపు కిచకిచలు, ఆ తర్వాత నిశ్శబ్దం. మొన్న ఆ నాయనమ్మ మనవరాలే నా చొక్కా లాగి గుసగుసగా అంది: "అంకుల్, ఏదో కూసింది. మళ్లీ కూస్తుందా?"

ఈ వేసవికి ఊరెళ్లినప్పుడు ఓ రాత్రి డాబా మీద దీపాలార్పి, పిల్లలతో అరగంట కూర్చోండి. నాయనమ్మనీ పిలవండి. ఫోన్లు మాత్రం కిందే పెట్టి రండి.