నల్లతెర మీద అంకెల రూపురేఖలు

ఒక పరీక్షలో 22 మంది పిల్లలకు ఈ మార్కులు వచ్చాయనుకుందాం. పదుల అంకెను గీతకు ఎడమ పక్కన, ఒకట్ల అంకెను కుడి పక్కన రాద్దాం.

2 | 4 8
3 | 0 5 5 5 5 5 8
4 | 1 2 6
5 | 0 3 7 9
6 | 2 4 8
7 | 1 5
8 | 6

రెండో వరుస చూడండి. 31 నుంచి 34 దాకా ఒక్కరూ లేరు. సరిగ్గా 35 మీద అయిదుగురున్నారు. పదో తరగతి గట్టెక్కడానికి 35 కావాలని తెలిసిన తెలుగువాళ్లెవరికైనా ఇక్కడ ఏం జరిగి ఉంటుందో విడమరిచి చెప్పక్కర్లేదు. ఒకటి రెండు మార్కుల్లో తప్పబోయిన పిల్లల్ని పేపర్లు దిద్దినవాళ్లు ఒడ్డుకు చేర్చారన్నమాట. ఇవే మార్కులకు సగటు కడితే 48.6 వస్తుంది. అందులో ఈ సంగతి లేదు. పదేసి మార్కులకొక కమ్మీ చొప్పున రంగుల గ్రాఫు గీస్తే ముప్పైల కమ్మీ కాస్త ఎత్తుగా కనిపిస్తుంది, అంతే. పై బొమ్మలో మాత్రం ఏ అంకె ఎక్కడ గుమిగూడిందో కనిపిస్తోంది. ఎందుకంటే బొమ్మను గీసింది ఆ అంకెలే.

దీన్ని కాండం–ఆకు పటం అంటారు. ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికన్ గణాంక శాస్త్రవేత్త జాన్ టుకీ. ప్రిన్స్‌టన్‌లో పాఠాలు చెబుతూ, బెల్ ల్యాబ్స్‌లో పరిశోధన చేస్తూ వచ్చిన మనిషి. 1977లో అచ్చయిన ఆయన పుస్తకం ‘ఎక్స్‌ప్లొరేటరీ డేటా అనాలిసిస్’ చాలావరకు కాగితం, పెన్సిలు దగ్గరుంటే చాలు అన్నట్టు నడుస్తుంది. సూత్రాల్లోకి దిగేముందు అంకెల్ని కళ్లారా చూడాలి, మనం ఊహించనిది ఏదైనా ఉంటే అదే ముందు కంటపడాలి అన్నది ఆయన పట్టుదల. గణాంకాలకు వాడే ఆర్ భాషలో ఈ పటం గీసే ఆదేశం ఇప్పటికీ ఉంది. అది కిటికీలేవీ తెరవదు, బొమ్మ ఫైలేదీ తయారు చేయదు. ఆదేశం కొట్టిన చోటే, దాని కిందే పై పటంలాంటిదాన్ని అక్షరాలతో ముద్రిస్తుంది.

అక్షరాలతోనే బొమ్మలు గీసే ఈ సంప్రదాయం విలువంతా నాకు అక్కడే కనిపిస్తుంది. అంకెలున్న చోటే బొమ్మ పుడితే, చూడటానికి పట్టే శ్రమ దాదాపు లేకుండా పోతుంది. శ్రమ లేకపోతే మనిషి మాటిమాటికీ చూస్తాడు. ఫైలును ఇంకో యంత్రానికి దింపుకొని, ఇంకో ప్రోగ్రాము తెరిచి, రంగులూ అంచులూ సరిచేసుకుంటేగాని బొమ్మ రాదంటే ‘తర్వాత చూద్దాంలే’ అనిపిస్తుంది. ఆ తర్వాత అనేది చాలాసార్లు రాదు.

కంప్యూటర్లకు తెరలు మామూలు కాకముందు ప్రింటర్లే దిక్కు. లైన్ ప్రింటరులో వరుసకు 132 అక్షరాలు పట్టేవి, అది గీతలు గీయలేదు, అక్షరాలు మాత్రమే కొట్టగలదు. ఆ పరిమితిలోంచే ఎంత పని లాగారో చూస్తే గౌరవం కలుగుతుంది. 1965లో హార్వర్డ్‌లో కంప్యూటర్ గ్రాఫిక్స్ ప్రయోగశాల పెట్టిన హోవర్డ్ ఫిషర్, ‘సైమ్యాప్’ అనే ప్రోగ్రాముతో ఏకంగా భౌగోళిక పటాలే ముద్రించాడు. తేలిక రంగు కావాలంటే చుక్క, ముదురు కావాలంటే ఒకే చోట ఒక అక్షరం మీద ఇంకో అక్షరం కొట్టించడం, ఇదీ ఉపాయం. జనసాంద్రత, వానలు, భూమి ఎత్తు, అన్నీ అలా నలుపు తెలుపు నీడల్లోకి వచ్చాయి. ఇప్పుడు టీషర్టుల మీద కూడా కనిపించే మాండెల్‌బ్రోట్ సమితి బొమ్మ ఉంది కదా, దాని తొలి రూపం కూడా అక్షరాలదే. రాబర్ట్ బ్రూక్స్, పీటర్ మటెల్స్కీ అనే గణితజ్ఞులు 1978లో దాన్ని నక్షత్రపు గుర్తులతో ముద్రించారు. మాండెల్‌బ్రోట్ ఐబీఎంలో దాన్ని చూసింది 1980లో. ఆ నక్షత్రాల బొమ్మ ముతకగానే ఉంటుంది. కానీ గుండె ఆకారం, దాని పక్కన అతుక్కున్న గుండ్రం, వాటి చుట్టూ మొటిమలు, అన్నీ అందులో ఉన్నాయి.

తర్వాత తెరలు వచ్చాయి. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వాళ్ల వీటీ100 టెర్మినల్ 1978లో వచ్చింది. దాని తెర మీద 80 నిలువు వరుసలు, 24 అడ్డు వరుసలు. ఆ 80 అంతకుముందు అర్ధ శతాబ్దం నుంచీ వాడుతున్న ఐబీఎం పంచ్ కార్డు కొలత. ఈనాటి కంప్యూటర్లలో ఆదేశాలు కొట్టే నల్లతెర, అంటే టెర్మినల్ కిటికీ కూడా తెరవగానే సాధారణంగా అదే కొలతతో వస్తుంది. 1986లో మొదలైన గ్నూప్లాట్ ప్రోగ్రాముకు, బొమ్మను మామూలు అక్షరాలతో గీయమని చెప్పే మార్గం ఇప్పటికీ ఉంది. సైన్ వక్రరేఖ అడిగితే నక్షత్రాలు మెట్లుమెట్లుగా ఎక్కి దిగుతాయి.

ఇంతకీ కళ్లు చెదిరే తెరలున్న ఈ కాలంలో దీని అవసరమేమిటి? సర్వర్ల మీద పనిచేసేవాళ్లను అడగండి. హైదరాబాదులోనో విశాఖలోనో కూర్చున్న ఇంజనీరు చూసుకునే యంత్రం ఇంకో ఖండంలో ఉంటుంది. దాన్ని చేరే దారి ఒక్క టెర్మినలే. అక్కడ బొమ్మలు చూపే సరంజామా ఉండదు, ఉండనివ్వరు కూడా. బ్యాంకు లావాదేవీల లాగ్ ఫైలును సొంత ల్యాప్‌టాప్‌లోకి దించుకోవడం కుదరని పని. అర్ధరాత్రి ఫిర్యాదు వచ్చింది: సైటు కొందరికి నత్తనడక నడుస్తోంది. సగటు చూస్తే 52 మిల్లీసెకన్లు, బాగానే ఉంది. అప్పుడు ఇలాంటి పటం గీయించారనుకుందాం. ఒక్కో గుర్తు ఒక్కో అభ్యర్థన, ఎడమ పక్క అంకెలు మిల్లీసెకన్లు:

001–002 | @@
002–004 | @@@@@@@@@
004–008 | @@@@@@@@@@@@@@@@@@
008–016 | @@@@
016–032 |
032–064 |
064–128 | @
128–256 | @@@@@@
256–512 | @@

సగటు 52 అన్నాం. 52 పడే వరుసలో ఒక్క అభ్యర్థన కూడా లేదు. ఆ సగటు ఏ వాడుకరికీ ఎదురైన అనుభవం కాదు. ఇక్కడ ఉన్నది ఒక గుంపు కాదు, రెండు. ఒక గుంపుకు జవాబు జ్ఞాపకంలోంచి చటుక్కున వస్తోంది, రెండోది డిస్కు దాకానో ఇంకో సర్వరు దాకానో వెళ్లి వస్తోంది కాబోలు. ఇక వెతకాల్సిన చోటు తెలిసింది. వరుసల హద్దులు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని రెట్టింపవుతూ పోవడం గమనించండి. సమాన దూరాలతో గీసి ఉంటే మొదటి గుంపంతా ఒకే వరుసలో ఇరుక్కుపోయేది, మిగతాది ఖాళీల మధ్య చెల్లాచెదురయ్యేది. సోలారిస్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం బ్రయన్ కాంట్రిల్, మైక్ షపీరో, ఆడమ్ లెవెంథాల్ తయారుచేసిన డీట్రేస్ పరికరం ఇలా రెట్టింపు హద్దులతో, ఇదే @ గుర్తుతో పటాలు గీస్తుంది. లైనక్స్‌లో ఇప్పుడు వాడే బీపీఎఫ్‌ట్రేస్ కూడా ఆ బాటే పట్టింది. నడుస్తున్న యంత్రాన్ని ఆపకుండా దాని లోపలి తీరును చూపించే పనిముట్లు ఇవి. వాటి ఫలితం అక్షరాల్లో రావడం నాకు గొప్ప వరంగా తోస్తుంది. ఆ పటాన్ని ఉన్నదున్నట్టు ఫిర్యాదు కింద అతికించవచ్చు, ఆరు నెలల తర్వాత ఫైళ్లలో వెతికి పట్టుకోవచ్చు, నిన్నటిదాన్నీ ఇవాళ్టిదాన్నీ పక్కపక్కన పెట్టి తేడా చూడవచ్చు.

ప్రత్యేక పనిముట్టు లేకున్నా పని ఆగదు. యూనిక్స్‌లో 1973 నుంచి ఉన్న పైపుతో, డగ్ మెకిల్రాయ్ ఆలోచన అది, ఒక ప్రోగ్రాము రాసిన వరుసలు నేరుగా ఇంకో ప్రోగ్రాములోకి పారతాయి. ఒకటి వరుసల్ని క్రమంలో పెడుతుంది, రెండోది ఒకేలాంటివి ఎన్నున్నాయో లెక్కపెడుతుంది, మూడోది ఆ లెక్కకు తగినన్ని నక్షత్రాలు గీస్తుంది. మొత్తం ఒక్క వాక్యమంత ఆదేశం.

ఒక్క అక్షరపు గడిలో ఇంకాస్త సూక్ష్మంగా గీయడమెలా అన్నది ఈ విద్యలో అసలు పనితనం. అన్ని భాషల అక్షరాలకూ గుర్తులకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో గడి అడుగు నుంచి ఎనిమిదో వంతు, రెండు వంతులు, మూడు వంతులు అని పెరుగుతూ నిండు గడి దాకా వెళ్లే ఎనిమిది దిమ్మలున్నాయి. వాటిని పక్కపక్కన పేరిస్తే ఒకే వరుసలో గ్రాఫు సిద్ధం. ఎడ్వర్డ్ టఫ్టీ స్పార్క్‌లైన్ అని పేరుపెట్టి ప్రచారం చేసిన మాటంత బొమ్మకు ఇది టెర్మినల్ రూపం. జనవరి నుంచి డిసెంబరు దాకా వానల తీరు చూడండి (కొలతలు కావు, పోకడ మాత్రమే):

▁▁▁▁▁▄▇█▆▄▁▁ హైదరాబాద్
▁▁▁▁▁▁▂▂▃▆█▄ నెల్లూరు

నైరుతి రుతుపవనాల మీద బతికే ఊరికీ, ఈశాన్య రుతుపవనాల కోసం ఎదురుచూసే ఊరికీ తేడా రెండు వరుసల్లో తేలిపోయింది. అయితే ఇందులో ఒక మోసం పొంచి ఉంటుంది. ఈ రకం ప్రోగ్రాములు మామూలుగా ఒక్కో వరుసలో అతి పెద్ద విలువనే నిండు దిమ్మగా తీసుకుంటాయి. రెండు చోట్లా నిండు దిమ్మ ఉంది కదా అని ఆగస్టులో హైదరాబాదులో, నవంబరులో నెల్లూరులో సమానంగా కురిసిందనుకుంటే పొరపాటు. పోల్చి చూపాలంటే రెండింటికీ ఒకే కొలబద్ద పెట్టాలి, ఆ కొలబద్ద ఏమిటో పక్కన రాయాలి. అక్షరాలతో గీసినా నిజాయితీ నిజాయితీయే.

టెర్మినల్ గడి వెడల్పుకు దాదాపు రెట్టింపు ఎత్తు ఉంటుంది. అందుకే లెక్క సరిచేయకుండా వృత్తం గీస్తే కోడిగుడ్డు వస్తుంది. గడిని పైసగం, కిందిసగం అని విడదీసే దిమ్మను వాడి, అక్షరానికి ఒక రంగు, వెనక నేపథ్యానికి ఇంకో రంగు ఇస్తే ఒక్క గడిలో రెండు చదరాలు దొరుకుతాయి. ఇంకా సన్నగా కావాలంటే బ్రెయిలీ గుర్తులున్నాయి. ఎనిమిది చుక్కల బ్రెయిలీలో గడికి రెండు నిలువు వరుసలు, నాలుగు అడ్డు వరుసలు. చుక్క ఉందా లేదా అన్న లెక్కన మొత్తం 256 రూపాలు, అన్నీ యూనికోడ్‌లో ఒకే చోట వరుసగా ఉన్నాయి. మొదటి చుక్కకు 1, రెండోదానికి 2, మూడోదానికి 4, ఇలా 128 దాకా. కావలసిన చుక్కల విలువలు కూడి, యూనికోడ్‌లో ఆ వరుస మొదలయ్యే సంఖ్యకు కలిపితే అదే ఆ గుర్తు సంఖ్య. లూయీ బ్రెయిల్ లిపిలో ఉన్నవి ఆరు చుక్కలే, అడుగున మరో రెండు తర్వాత చేరాయి. అందుకే ఎడమ పక్క వరుస 1, 2, 3, 7 అనీ, కుడి పక్కది 4, 5, 6, 8 అనీ నడుస్తుంది. కొత్తగా ప్రోగ్రాము రాసేవాళ్లు తడబడేది ఇక్కడే. ఈ ఉపాయంతో 80, 24 గడుల తెర 160, 96 చుక్కల తెర అవుతుంది. అంటే 15,360 చుక్కలు. జూలియా భాషలో యూనికోడ్‌ప్లాట్స్ వంటి ప్రోగ్రాములు దీనితో నున్నని వక్రరేఖలు గీస్తాయి.

చూపు లేనివాళ్ల వేళ్ల కోసం పుట్టిన చుక్కలతో గీసిన ఈ బొమ్మ చూపు లేని ప్రోగ్రామర్‌కు అర్థం కాదు. తెర చదివే ప్రోగ్రాము దాన్ని అర్థం లేని చుక్కల పేర్ల వరుసగా వినిపిస్తుంది. కాండం–ఆకు పటానికి ఆ ఇబ్బంది లేదు. ‘మూడు, సున్నా, అయిదు, అయిదు, అయిదు’ అని చదివినా గుంపు ఎక్కడుందో చెవికి తెలుస్తుంది. బొమ్మ ఎవరి కోసమో తెలియనప్పుడు పక్కన అంకెలు కూడా రాయడం మర్యాద.

తెలుగులో పేర్లు పెట్టి ఇవి గీయబోయినవాళ్లకు ఇంకో చిక్కు తెలుసు. కమ్మీలన్నీ ఒకే చోట మొదలవ్వాలంటే ఎడమ పక్క పేర్లన్నీ సమానమైన వెడల్పుకు రావాలి. ‘స్త్రీ’ చూడటానికి ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో ఆరు గుర్తులు, ఫైలులో 18 బైట్లు. ‘కర్నూలు’ మనకు మూడక్షరాలు, యంత్రానికి ఏడు గుర్తులు. ప్రోగ్రాము ఒక లెక్క వేసి ఖాళీలు నింపుతుంది, టెర్మినల్ ఇంకో లెక్కన తెర మీద చోటిస్తుంది, వాడిన ఫాంటు మూడో కొలత పాటిస్తుంది. కమ్మీలు తలో చోట మొదలై పటం చిందరవందర అవుతుంది. చాలా టెర్మినళ్లలో వత్తులు కూడా విడిపోయి కనిపిస్తాయి. అందుకే ఎక్కువమంది ఊళ్ల పేర్లు ఇంగ్లిషులో పెట్టి సరిపెట్టుకుంటారు. అది నాకు బాధగానే ఉంటుంది, ఎందుకంటే దారులున్నాయి. పేరు రాశాక కర్సర్‌ను ఫలానా నిలువు వరుసకు వెళ్లమని టెర్మినల్‌కే చెప్పి అక్కణ్నుంచి కమ్మీ మొదలుపెట్టవచ్చు. ఇలా కర్సర్‌ను చెప్పిన చోటికి పంపే ఆదేశాలు వీటీ100 నాటినుంచీ ఉన్నాయి, పేరు ఎంత చోటు తిన్నదన్న లెక్కే అక్కర్లేదు. అయితే ఇది తెర మీద మాత్రమే పనిచేస్తుంది. ఫైలులోకో మెయిలులోకో వెళ్లాల్సిన పటమైతే ముందు కమ్మీ గీసి, చివర పేరు రాయాలి. పైన వానల వరుసల్లో హైదరాబాదూ నెల్లూరూ కుడి పక్కన ఉన్నది అందుకే.