టీమ్ పేరు ఎవరిది?

2013 ఫిబ్రవరిలో ఈటీవీలో జబర్దస్త్ కామెడీ షో మొదలైనప్పుడు టీమ్ లీడర్లలో చాలామంది అప్పటికే సినిమాల్లో చూసిన మొహాలు. ధన్‌రాజ్, వేణు, చమ్మక్ చంద్ర, రాఘవ. టీమ్ వాళ్ల పేరు మీదే నడిచేది. వెనక నిలబడ్డవాళ్లు మా ఇంట్లో ‘వేణు టీమ్‌లో ఆ పిల్లగాడు’ మాత్రమే. అలాంటి పిల్లగాళ్లలో ఒకరు సుడిగాలి సుధీర్. కొన్నాళ్లకు ఆయన పేరు మీదే టీమ్ వచ్చింది. పక్కన గెటప్ శ్రీను, ఆటో రాంప్రసాద్. పేరు సుధీర్‌దే అయినా, రాంప్రసాద్ రాత లేని ఆ టీమ్‌ను నేను ఊహించలేను.

మెంబర్ లీడర్ కావడానికి అక్కడ రాతపూర్వక నియమం ఉన్నట్టు కనిపించదు. అమెరికాలో 1975 నుంచి నడుస్తున్న సాటర్డే నైట్ లైవ్ కామెడీ షోలో అయితే మెట్లు బాహాటంగానే ఉంటాయి. కొత్తవాళ్లను ‘ఫీచర్డ్ ప్లేయర్’ అంటారు, టైటిల్స్‌లో వాళ్ల పేర్లు ప్రధాన నటుల తర్వాతే వస్తాయి. 1980లో ఎడ్డీ మర్ఫీ చేరింది ఆ కింది మెట్టు మీదే. ఆ సీజన్ ముగియకముందే పైకెక్కాడు.

మన దగ్గర మెట్టు ఎక్కించింది ఎక్కువగా కలమే. హైపర్ ఆది అదిరే అభి టీమ్‌లో స్కిట్లు రాస్తూ, నటిస్తూ ఎదిగాడు. తర్వాత రైజింగ్ రాజుతో కలిసి రెండు పేర్ల టీమ్ కట్టాడు. ఒక సీనియర్ నటుడి పక్కన రాయగలిగిన కుర్రాడి పేరు సమానంగా నిలబడటం నాకు ఆ షో మొత్తంలో ఎంతో నచ్చిన మార్పు.

మా బాన్సువాడలో వినాయక మండపం ముందు పిల్లలు స్కిట్ వేస్తుంటే చూశాను. తొమ్మిదో తరగతి పిల్లవాడు లాంగ్‌నోట్‌బుక్ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. అక్క చున్నీ కప్పుకుని ఆడవేషం కట్టినవాడు డైలాగ్ మర్చిపోయినప్పుడల్లా ఆ జేబు వైపే చూస్తున్నాడు. లీడర్ ఎవరని అడిగితే అందరూ ఒక్కసారే అన్నారు: “రాసినోడే సార్!”

జబర్దస్త్ తొలి ఏళ్లలో ఆడవేషాలు దాదాపు మగవాళ్లవే. నవ్వుల్లో పెద్ద వాటా వాళ్లది, టీమ్ పేరు లీడర్‌ది. రోహిణి, ఫైమా లాంటి అమ్మాయిలు వచ్చాక ఆడపాత్ర చీరకట్టు, నడకల మీద నవ్వించడం దాటి మాటకు మాట తగిలించే దాకా వచ్చింది. అది ఆలస్యంగా జరిగిందన్న బాధ నాకుంది.

ఆ తొలి లీడర్లలో ఒకరైన వేణు యెల్దండి 2023లో ‘బలగం’ సినిమా తీసినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. కానీ వారం వారం కొన్ని నిమిషాల్లో కథ మొదలుపెట్టి, మలుపు తిప్పి, ముగించడం మామూలు సాధన కాదు. అందుకే నా కోరిక ఒక్కటే: యాంకర్ టీమ్‌ను పిలిచేటప్పుడు లీడర్ పేరుతోపాటు ఆ స్కిట్ రాసినవాళ్ల పేరూ చెప్పాలి.